అక్క మార్చిన మాత్రలు

"నువ్వు మాత్రలు వేసుకోవడం లేదు కదూ?" అంది నరాల డాక్టరమ్మ, నా రక్తం రిపోర్టు మీద నుంచి తల ఎత్తకుండానే.

"పూట తప్పకుండా వేసుకుంటున్నానండీ."

"నా దగ్గర అబద్ధం ఎందుకమ్మా? ఈ మాత్ర ఒంటికి పడితే ఎర్రకణాలు కాస్త ఉబ్బుతాయి. మొదట్లో నీకూ ఉబ్బాయి. ఇప్పుడు మళ్ళీ మామూలుగా ఉన్నాయి. నువ్వు మానేసి చాన్నాళ్ళయి ఉండాలి. అందుకే జబ్బు తిరగబెట్టింది."

పక్కన కూర్చున్న మా ఆయన కుర్చీతో సహా నా వైపు తిరిగాడు. లిఫ్టులు రిపేరు చేసే మనిషి, చేతికి ఎప్పుడూ గ్రీజు వాసన. ఆ చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, "పారేస్తున్నావా?" అన్నాడు. డాక్టరమ్మ ముందు ఇంకేమీ అనలేదు. కిందికి దిగాక మెట్టుమెట్టుకీ అన్నాడు. పిల్ల చెయ్యి విరిగింది నీ వల్లే అన్నాడు. నువ్వు మాత్రలు మింగి ఉంటే పడేదానివా అన్నాడు. నాకు కాళ్ళు సరిగ్గా ఆనడం లేదు కాబట్టి నా భుజం పట్టుకునే తిట్టాడు. వదిలేస్తే పడిపోతానని తెలుసు, అంతవరకూ మంచివాడే.

నా జబ్బు సంగతి చెప్పాలి. మా పాపని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. పిట్ట పుట్టిన కొన్నాళ్ళకి నా ఎడమ కన్ను మసకేసింది. చంటిపిల్ల తల్లివి, నిద్రలేక అలా ఉంటుందన్నారు. తర్వాత నడుము కింద తిమ్మిరి పట్టింది. రోగాలని తరమాల్సిన మన రక్తకణాలే పిచ్చెక్కినట్టు మన నరాలని కొరుకుతాయట. ఆ కణాల జోరు తగ్గించడానికే మాత్ర. అది వేసుకున్నన్నాళ్ళూ నేను బాగానే ఉన్నాను. పిట్టని చంకనేసుకుని వంట చేశాను, బట్టలుతికాను, అది పరిగెడితే వెనక పరిగెత్తాను. అసలే నాకు భయం ఎక్కువ. పిట్ట తుమ్మితే నుదురు పట్టుకుని చూస్తాను, ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఆ భయాలన్నీ మామూలు తల్లి భయాలే అన్న ధైర్యం ఉండేది అప్పుడు.

కన్ను మసక కాబట్టి మాత్రలు మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, సర్దిపెట్టేది. వారానికి సరిపడా గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా. ఆదివారం పూట వంటింటి గట్టు మీద పెట్టుకుని, మందుల అట్టలు చించి ఒక్కో గడిలో వేసేది. "నీకెందుకే ఆ చిన్నచిన్న అక్షరాలతో తంటా, నేనున్నాగా" అనేది. ఇంట్లో అందరూ ఆమెని మెచ్చుకునేవాళ్ళు. నేనూ మెచ్చుకున్నాను. నోరారా మెచ్చుకున్నాను.

తర్వాత ఒక సాయంత్రం పిట్టని ఎత్తుకుని మూడో అంతస్తు నుంచి దిగుతుంటే నా కుడికాలు నాది కాకుండా పోయింది. పడేటప్పుడు పిట్టని గట్టిగానే పట్టుకున్నాను. కానీ దాని మీదే పడ్డాను. దాని మోచేతి పైన ఎముక విరిగింది.

కట్టు కట్టించి తెచ్చాక మా అత్తయ్య ఒకే మాట అంది. "అమ్మాయ్, బాగయ్యేదాకా పిల్లని ముట్టుకోకు." పిట్ట పక్కబట్టలు అక్క గదిలోకి పోయాయి. గౌన్లు పోయాయి. దువ్వెన పోయింది. నాకు కుర్చీలో కూర్చుని చూసే హక్కు మిగిలింది. పిట్ట అక్కని పెద్దమ్మా, పెద్దమ్మా అని పిలుస్తూ పిలుస్తూ ముందు సగం మింగేసి "అమ్మా" అనడం మొదలుపెట్టింది. ఇద్దరం తలతిప్పేవాళ్ళం. పిట్ట ఆమె దగ్గరికి పోయేది.

డాక్టరమ్మ దగ్గర నుంచి వచ్చిన ఆ రోజు మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కన్ను చూడలేనిది వేలు చూస్తుంది నాకు. డాక్టరమ్మ మాత్రకి నడిమధ్య గాడి ఉంటుంది, విరచడానికి. ఒక గడిలో మాత్ర తీసి తడిమాను. నున్నగా ఉంది. ఇంకో గడిలోదీ నున్నగానే ఉంది. అన్నీ అంతే. అదే పసుపు, అదే సైజు, గాడి మాత్రం లేదు. ఒకటి నాలిక మీద పెట్టుకున్నాను. పులుపు.

మా ఆయనకి చూపించాను. "కంపెనీ మారితే మాత్ర రూపు మారదా? చేసింది చాలక ఇప్పుడు వదిన మీదికి నెట్టేస్తావా? ఆవిడ నీ పిల్లకి ముడ్డి కడుగుతోంది" అన్నాడు.

ఇక నోరు మూసుకున్నాను. నా మాటకి ఆ ఇంట్లో చిల్లుగవ్వ విలువ లేదని తెలిశాక ఇంకెవరి నోటితో చెప్పించాలా అని ఆలోచించాను. ఆలోచిస్తే ఒకే ఒక్క నోరు కనిపించింది. అక్క నోరు.

అక్క స్కూల్లో ఆఫీసు పని చేసేది. మిగిలిన టైమంతా పొడి అమ్మేది. ఊదారంగు పొడి, నీళ్ళలో కలుపుకుని తాగాలి. దాన్ని అమ్మేవాళ్ళకి ఒక గ్రూపు, వాళ్ళకొక లీడరు. కోటుకి బంగారు రంగు బ్యాడ్జీ పెట్టుకుని వస్తాడు కాబట్టి మా అత్తయ్య ఆయన్ని బంగారు బ్యాడ్జీ అనేది. ఆయనిచ్చిన మిషనొకటి అక్క దగ్గర ఉండేది. అరచెయ్యి ఆనిస్తే నీలం వెలుగొస్తుంది, తర్వాత అంకె వస్తుంది. ఒంట్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎన్ని ఉన్నాయో చెబుతుందట. నా చెయ్యి పెట్టిస్తే ఎప్పుడూ అంకె కిందే పడేది.

"చూశావా, నీ రక్తంలో కాపాడే సరుకే లేదు. అందుకే నరాలు తుప్పు పడుతున్నాయి" అనేది అక్క. ఉత్తినే అనలేదు, నా పాత రిపోర్టు కూడా చూపించేది. యూరిక్ యాసిడ్ తక్కువని ఉంది అందులో. అదీ యాంటీ ఆక్సిడెంటేనట. "ఈ జబ్బున్న వాళ్ళందరికీ తక్కువేనే, పెద్దపెద్ద వాళ్ళు పరిశోధించి రాశారు" అనేది. అది నిజం కాకపోతే బాగుండేది. నిజమే కాబట్టి ఆమె అంత గట్టిగా నమ్మింది.

తర్వాతిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మా ఆయన కింద మందుల షాపులో ఉండగా, నున్నటి మాత్ర డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది విటమిన్ బిళ్ళ. ఎవరు మార్చారు?" అంది.

"ఇంట్లో మనిషే. మీరు ఎవరికీ చెప్పకండి."

"చెప్పకుండా ఎలా? నీ కన్ను పోవచ్చు. నడక పోవచ్చు."

"డబ్బాలో పెట్టే మందు నాకు వద్దు. నేరుగా ఒంట్లోకి ఎక్కేది ఉంటే ఇవ్వండి. దాన్నెవరూ మార్చలేరు."

ఆవిడ చివరికి ఒప్పుకుంది. డ్రిప్పులో ఎక్కించే మందు ఉందని, కొన్ని నెలలకొకసారి వచ్చి ఎక్కించుకుని పోవచ్చని చెప్పింది. నేను యాంటీ ఆక్సిడెంట్ల సంగతి కూడా అడిగాను. పంతం కొద్దీ అడిగాను, అక్క చెప్పిందాంట్లో ఎంత నిజమో నాకు కావాలి.

"తక్కువగా కనిపించడం నిజమే" అంది. "కానీ అవి తగ్గడం వల్ల జబ్బొస్తుందో, జబ్బు వల్ల అవి ఖర్చయిపోతున్నాయో ఇంకా తేలలేదమ్మా. పెంచితే జబ్బు తగ్గుతుందని అసలే తేలలేదు. కాపలా కణాల జోరు తగ్గించే మందు తీసేసి పొడి తాగించడమంటే, ఇల్లు కాలుతుంటే నీళ్ళు ఆపేసి గోడకి సున్నం వెయ్యడం."

"మరి ఆ చెయ్యి పెట్టే మిషనో?"

ఆవిడకి నవ్వొచ్చింది. "చర్మంలో నారింజ రంగుని చూస్తుంది అది. కొన్ని వారాలు క్యారెట్లు, గుమ్మడికాయ తిను. అంకె ఎలా పైకి పోతుందో చూడు."

తిన్నాను. రోజూ తిన్నాను. ఉడికించి తిన్నాను, పచ్చివి కొరికి తిన్నాను. అక్క కలిపిచ్చిన ఊదారంగు నీళ్ళు "అమృతంలా ఉన్నాయక్కా" అంటూ పుచ్చుకుని సింకులో పోశాను. డ్రిప్పు ఎక్కించుకుంటున్నానని ఇంట్లో అందరికీ తెలుసు. అక్క మాత్రం, "పాపం ఆ సెలైన్ నీరసానికి" అని తేల్చేసింది. నా కాళ్ళలోకి మెల్లగా పట్టు వచ్చింది. గోడ పట్టుకోకుండా హాలు దాటాను. అది చూసి అక్క కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నా పొడి లేపింది నిన్ను" అంది.

మిషను మీద నా అంకె ఎగబాకుతుంటే ఆమె వెళ్ళి బంగారు బ్యాడ్జీకి ఫోన్ చేసింది. పెద్ద మీటింగు పెడుతున్నారట, మంచాన పడి లేచిన మనిషిగా నన్ను స్టేజి ఎక్కిస్తారట, అక్కకి ఆ రోజే బంగారు బ్యాడ్జీ పెడతారట. వింటూ గుమ్మడికాయ ముక్కలు తరిగాను.

ఆదివారం అక్క గట్టు మీద డబ్బా పెట్టుకుని కూర్చున్నప్పుడు పక్కన నిలబడ్డాను. డ్రిప్పు ఎక్కాక డాక్టరమ్మ ఆ మాత్ర ఆపేసింది. ఆపేసిందని అక్కకి మాత్రం చెప్పలేదు.

"అక్కా, నాకు తెలిసిపోయిందిలెండి."

"ఏం తెలిసింది?"

"మాత్ర మారిందని. నున్నగా ఉంది, పుల్లగా ఉంది."

ఆమె చెయ్యి గడి మీదే ఆగిపోయింది. మొహంలో రంగు పోయింది. నేను వంగి ఆమె భుజాల మీద చెయ్యేశాను. "మీరే మార్చారు కదూ? అందుకే నేను లేచాను. ఆ డాక్టరు మాత్రలు మింగుతూ కూర్చుంటే ఈపాటికి మంచంలోనే ఉండేదాన్ని."

అంతే, ఏడ్చేసింది. "ఎన్నిసార్లో నోటిదాకా వచ్చిందే. ఆ మందు అట్ట మీదే రాసుంది, ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని తగ్గిస్తుందని. ఎవరైనా జబ్బు మనిషికి శక్తి తగ్గించే మందిస్తారటే? బుద్ధుందా వాళ్ళకి? మీ ఆయనకి చెబితే వినడు. అందుకే గుట్టుగా మార్చాను. నీ మంచికే."

నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఒక్క క్షణం భయపడి, పిట్ట చేతికి కట్టు కడుతున్నప్పటి అరుపు తలుచుకున్నాను. అది చాలింది.

"ఇంత గొప్ప పని చేసి గుట్టుగా ఉంచుకుంటారా?" అన్నాను. "పొడి అమ్మేవాళ్ళు వందమంది ఉంటారు. తోడికోడలి ప్రాణం కోసం ఇంత తెగించిన వాళ్ళెవరు? మీటింగులో చెప్పండి. మీ మరిదినీ అత్తయ్యనీ ముందు వరసలో కూర్చోపెడదాం. నేను మీ పక్కనే నిలబడి, అవును, మా అక్కే కాపాడిందంటాను. వాళ్ళు ఇంక నోరెత్తుతారా?"

"తిడతాడేమోనే మీ ఆయన."

"నేను నడుస్తుంటే చూస్తూ ఎలా తిడతాడు?"

ఆ మాట పట్టుకుంది. వారమంతా అద్దం ముందు నిలబడి ఏం చెప్పాలో చెప్పుకుంది. నాకు చీర కూడా ఆమే ఎంచింది.

మీటింగు సోఫాల షాపు పైనున్న హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, ఊదారంగు రిబ్బన్లు, కీచుమనే మైకు. ముందు వరసలో మా ఆయన, అత్తయ్య, అత్తయ్య ఒళ్ళో పిట్ట. దాని కట్టు అప్పటికి విప్పేశారు, చెయ్యి మాత్రం ఇంకా పుల్లలా ఉంది. అత్తయ్య బంగారు బ్యాడ్జీని చూసి, "వీడు పొడి తాగడం లేదేమో, మొహం చూడు ఎలా వాడిపోయిందో" అంది గట్టిగా. పక్కవాళ్ళు నవ్వారు.

నన్ను స్టేజి మీదకి పిలిచారు. నడిచి ఎక్కాను. చప్పట్లు. మిషను మీద చెయ్యి పెట్టించారు. నీలం వెలుగు వచ్చింది, వెనక తెర మీద అంకె పడింది. హాల్లో ఎవరికీ అంత అంకె రాలేదట, బంగారు బ్యాడ్జీ గంతేసినంత పని చేశాడు. మైకు అక్క చేతికిచ్చాడు.

అక్క చెప్పింది. నేను అనుకున్న దానికంటే బాగా చెప్పింది. నా కన్ను మసకేసిన దగ్గర మొదలుపెట్టింది. డాక్టరు మాత్ర శక్తిని చంపేస్తుందని అట్ట మీద తన కళ్ళతో చదివానంది. "అందుకే నేను ఒక సాహసం చేశాను. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆ విషం మాత్రలు తీసేసి, మన కంపెనీ విటమిన్లు వేశాను. వారం వారం నా చేత్తో వేశాను. ఈ రోజు నా చెల్లెలు మీ ముందు నడిచింది!"

చప్పట్లే చప్పట్లు. నేను మా ఆయన్నే చూస్తున్నాను. ఆయన చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

వెనక వరసలో ఒకావిడ లేచింది. పక్కన తల వణుకుతున్న భర్త. "అమ్మా, మా ఆయనకీ నరాల జబ్బే. ఆయన మాత్రలు కూడా చెప్పకుండా మార్చెయ్యమంటారా?"

అక్క నోరు తెరిచింది. నేను మైకు లాక్కున్నాను.

"మార్చకండి" అన్నాను. "మా అక్క మాత్రలు మార్చాకే నా కాళ్ళు పోయాయి. నా కూతుర్ని ఎత్తుకుని మెట్ల మీద పడ్డాను. దాని చెయ్యి విరిగింది. అదిగో, ముందు వరసలో ఉంది, చూడండి. నన్ను లేపింది ఆస్పత్రిలో ఎక్కించిన మందు. ఈ పొడి నేను ఒక్క గుక్క తాగలేదు, అంతా సింకులో పోశాను. ఆ అంకె క్యారెట్లది, గుమ్మడికాయది. నమ్మకపోతే మీరూ తిని చూడండి."

హాలంతా ఒకేసారి గోల. అక్క నా చెయ్యి పట్టుకుని, "నువ్వే చెప్పమన్నావు కదే! నీ మంచికే కదే!" అంటోంది. ఆమె మాట కూడా మైకులో పడింది.

"విన్నారు కదా" అన్నాను.

బంగారు బ్యాడ్జీ మైకు తీసుకుని, మాత్రలు మానమని మా కంపెనీ ఎప్పుడూ చెప్పదు, ఇది వీరి సొంత నిర్ణయం అని గబగబా అన్నాడు. అక్క ఆయన వంక చూసిన చూపు చూడాలి. "మీరే కదండీ, డాక్టర్లకి తెలియదు, మనమే ధైర్యం చెయ్యాలన్నారు?" అంది. ఆయన వినిపించుకోలేదు. ఆమెకి పెట్టాల్సిన బ్యాడ్జీ జేబులో వేసుకున్నాడు. అది చూసినప్పుడు నా కడుపులో మంట మొదటిసారి చల్లబడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, హాయిగా ఉంది.

మా ఆయన స్టేజి కిందికి వచ్చి నిలబడ్డాడు. "నిజంగా మార్చావా వదినా?" అన్నాడు. ఎప్పుడూ మీరు అనే మనిషి. అత్తయ్య పిట్టని భుజాన వేసుకుని బయటికి నడిచింది.

ఇంటికి రాగానే నేను అక్క గదిలోకి వెళ్ళి పిట్ట పక్క చుట్టాను. గౌన్లు, దువ్వెన, చెవి చిరిగిన కుందేలు బొమ్మ, అన్నీ మోసుకొచ్చాను. మా ఆయన సాయం రాబోతే, "ముట్టుకోకండి" అన్నాను. "ఆ రోజు నేను మాత్ర చూపిస్తే ఏమన్నారో గుర్తుందా?" ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. ఆయన లెక్క వేరే తేల్చాలి, ఒకటొకటిగా.

పిట్టని ఎత్తుకున్నాను. ఎన్నాళ్ళకి! బరువెక్కింది, జుట్టు వాసన మారింది, అక్క నూనె వాసన. అది నా భుజం మీద నుంచి వెనక్కి వంగి, "మ్మా!" అని ఏడ్చింది. నన్ను కాదు. అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. మొహం వాచిపోయింది.

"నిద్రపుచ్చి ఇచ్చేస్తానే" అంది. "ఇవ్వాళ్టికి. నేను జోకొడితే గాని పడుకోదు. పిల్లకేం తెలుసు, దాన్నెందుకు ఏడిపిస్తావు?"

నాకు కాళ్ళు వణుకుతున్నాయి. పిట్ట నా చెంప మీద కొడుతోంది. దాన్ని ఆమె చేతిలో పెడితే రెండు నిమిషాల్లో ఊరుకుంటుందని నాకు తెలుసు.

"నా మంచికే చేశారు కదక్కా" అన్నాను. "ఇది నా కూతురి మంచికి."

తలుపేశాను. గడియ పెట్టాను. పడతానన్న భయంతో నేల మీదే కూర్చుని పిట్టని ఒళ్ళో అదిమి పట్టుకున్నాను. అది గింజుకుంది, కొరికింది, చాలాసేపు ఏడ్చింది. తలుపు అవతల అక్క ఏడుపు కూడా వినపడుతోంది. విన్నాను. చివరికి పిట్ట అలిసిపోయి, ఎక్కిళ్ళ మధ్య నా మొహంలోకి చూసింది.

"పెద్దమ్మ తప్పు చేసిందా?"

"చేసింది."

"సారీ చెప్పదా?"

"చెబుతుంది."

"అప్పుడు తలుపు తీస్తావా?"

"తియ్యను" అన్నాను. పిట్ట మళ్ళీ ఏడుపు అందుకుంది. నేను పట్టు వదల్లేదు.